ఒక బిడ్డ, ఇద్దరు తల్లులు: సొలొమోను తీర్పు మూలం గురించి కొన్ని సందేహాలు

బౌద్ధ విషయాలపై జరిగే ప్రసంగాలలో తరచు వినవచ్చే మాట ఒకటి ఉంది. బైబిలులోని సొలొమోను తీర్పు కథ మన జాతకాల నుండి వెళ్ళినదే అన్నది ఆ మాట. వక్త దానిని సిద్ధాంతంలా ప్రకటిస్తాడు. సభ సంతోషిస్తుంది. ఆధారమేమిటని అడిగేవారు అరుదు.

బైబిలు కథల పుట్టుకను సందేహదృష్టితో పరిశీలించడం పండితలోకంలో ఏనాడో స్థిరపడిన పద్ధతి. అందులో అపచారమేమీ లేదు. అయితే ఆ సందేహం పరుల గ్రంథం దగ్గర మేల్కొని, మన గ్రంథం దగ్గర నిద్రపోతే దానిని పరిశీలన అనలేము. కాలాములకు భగవానుడు చేసిన ఉపదేశంలో, పరంపరగా వచ్చిందన్న కారణంతోనో పిటకంలో ఉన్నదన్న కారణంతోనో దేనినీ స్వీకరించవద్దన్న హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరిక మొట్టమొదట వర్తించేది పిటకాలను చేతబట్టినవారికే. కనుక ఈ ఒక్క కథను తీసుకొని, దాని మూలం గురించి మనం ఎంతవరకు చెప్పగలమో, ఎక్కడ ఆగవలెనో చూద్దాము.

ముందుగా రెండు కథలనూ పక్కపక్కన నిలుపుదాము. రాజుల మొదటి గ్రంథం మూడవ అధ్యాయంలో, ఒకే ఇంట నివసించే ఇద్దరు వేశ్యలు సొలొమోను ఎదుటికి వస్తారు. ఇద్దరికీ మూడు రోజుల తేడాతో మగబిడ్డలు పుట్టారు. నిద్రలో తల్లి మీద పడడంతో ఒక బిడ్డ మరణించాడు. బతికిన బిడ్డ నాదంటే నాదని ఇద్దరి వాదం. రాజు కత్తి తెప్పించి, బిడ్డను రెండుగా చీల్చి చెరి సగం ఇవ్వమంటాడు. ఒకతె, బిడ్డను చంపవద్దు, ఆమెకే ఇవ్వమని వేడుకుంటుంది. రెండవది చీల్చమంటుంది. తీర్పు తేలిపోతుంది.

పాలి జాతకాలలో 546వదైన మహాఉమ్మగ్గ జాతకంలో న్యాయమూర్తి ఏడేండ్ల బాలుడు మహోసధుడు. అతడే బోధిసత్త్వుడు. ఒక స్త్రీ తన బిడ్డను చెరువు గట్టున ఉంచి స్నానానికి దిగుతుంది. మారువేషంలో వచ్చిన యక్షిణి, బిడ్డను తినే తలంపుతో ఎత్తుకొని పారిపోతుంది. తల్లి వెంటబడి పట్టుకుంటుంది. వివాదం మహోసధుని శాల ముందుకు వస్తుంది. అతడు నేలమీద ఒక గీత గీసి, బిడ్డను దానిమీద పరుండబెట్టి, ఒకరిని చేతులు, ఒకరిని కాళ్ళు పట్టుకొని లాగమంటాడు. బిడ్డ నొప్పికి ఏడవగానే తల్లి చేయి వదలి నిలబడి విలపిస్తుంది.

పోలిక స్పష్టమే. ఒక బిడ్డ, ఇద్దరు వాదులు, బిడ్డకు హాని కలిగించే పరీక్ష, వదులుకున్నదే తల్లి అన్న నిర్ణయం. ఇంతటి పోలిక కాకతాళీయమని అనుకోవడం కష్టమే. అయితే పోలిక ఉన్నదనడం ఒక మాట, ఒకటి రెండవదానికి మూలమనడం మరొక మాట. రెండవదానికి కాలక్రమం కావాలి, దారి కావాలి.

కాలక్రమం చూద్దాము. బైబిలు లెక్క ప్రకారం సొలొమోను క్రీ.పూ. పదవ శతాబ్దివాడు. అతని కాలపు శాసనాలలో అతని పేరు ఇంతవరకు కనబడలేదు. రాజుల గ్రంథాలు అతనికి సమకాలీనమైన దినచర్యలు కావు. రెండవ గ్రంథం, బబులోనులో చెరలో ఉన్న యూదా రాజు యెహోయాకీను విడుదలతో ముగుస్తుంది. అది క్రీ.పూ. 561 ప్రాంతపు ఘటన. కనుక మనకు దొరికిన రూపం అంతకు ముందు పూర్తయి ఉండదు. లోపల పాత కథలు, కొలువు కథనాలు ఉండవచ్చు. తీర్పు కథలో రాజు పేరు సైతం రాదు, "రాజు" అన్న మాటే వస్తుంది. కాబట్టి అది ఎక్కడో స్వతంత్రంగా తిరుగుతున్న జానపద కథ కావచ్చుననీ, జ్ఞానిగా ప్రసిద్ధుడైన రాజుకు తరువాత అంటుకున్నదనీ పండితులు అనుమానించారు. ఈ అనుమానం సబబైనదే.

ఇప్పుడు అదే కొలబద్దను మన వైపు తిప్పుదాము. జాతకాలలో పిటకభాగం గాథలు మాత్రమే. గద్య కథలు జాతకట్ఠకథకు చెందినవి. అది నేటి రూపంలో సింహళంలో క్రీ.శ. అయిదవ శతాబ్ది ప్రాంతంలో కూర్చబడినది. బుద్ధఘోషుని పేర ప్రసిద్ధమైనా, ఆ కర్తృత్వం సైతం సందేహాస్పదమే. బిడ్డ వివాదం ఉన్నది ఈ గద్యభాగంలో, మహోసధుడు విప్పిన పందొమ్మిది చిక్కుల వరుసలో. అంటే రాతలో మనకు చిక్కిన పాలి కథ, రాజుల గ్రంథం కంటే దాదాపు వెయ్యేండ్లు తరువాతిది.

దీనికి సమాధానంగా భార్హుత్ శిల్పాన్ని చూపుతారు. 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వెలికితీసిన ఆ స్తూపపు వేదిక మీద "యవమఝకియ జాతకం" అన్న శీర్షికతో ఒక శిల్పం ఉంది. యవమజ్ఝకం మహోసధుని స్వగ్రామం. అతని భార్య అమరాదేవి, దుష్టబుద్ధులైన నలుగురు పండితులను బుట్టలలో బంధించి రాజు ముందు పెట్టించిన ఘట్టాన్ని శిల్పి చెక్కాడు. దీనిని బట్టి మహోసధుని కథాచక్రం క్రీ.పూ. రెండవ శతాబ్ది నాటికే ప్రచారంలో ఉన్నదని ధైర్యంగా చెప్పవచ్చు. గద్యం ఆలస్యంగా రాతకెక్కినంత మాత్రాన కథలు ఆలస్యంగా పుట్టలేదనడానికి ఇది గట్టి సాక్ష్యం. కాని ఆ శిల్పంలో ఉన్నది అమరాదేవి బుట్టలు. గీత మీద బిడ్డ కాదు. కథాచక్రాలు తరతరాలుగా కొత్త ఉపకథలను చేర్చుకుంటూ పెరుగుతాయని జాతకాలను చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక్క ఘట్టం పాతదైనందున చక్రమంతా పాతదని అనలేము.

ఇక దారి సంగతి. 1907లో జర్మను పండితుడు హ్యూగో గ్రెస్‌మన్, సొలొమోను తీర్పును పోలిన కథలను లోకం నలుమూలల నుండి 22 వరకు సేకరించి, భారతీయ మూలం వైపు మొగ్గాడు. భారతీయ రూపాలలో ఒకటి తిబెత్తు వినయంలో ఉంది. అందులో ఒక గృహస్థుని ఇద్దరు భార్యలు, భర్త మరణం తరువాత ఒకే బిడ్డ కోసం పోట్లాడుతారు. బిడ్డ ఎవరిదో ఇల్లు వారిది. తీర్పు చెప్పే ఉపాయాన్ని మంత్రులకు అందించేది విశాఖ అనే వివేకవతి. బైబిలు కథలో, చనిపోయిన బిడ్డ తల్లి ఇతరుల బిడ్డ కోసం ఎందుకంత పట్టుబట్టిందో, చీల్చమనడానికి ఎందుకు ఒప్పుకున్నదో చెప్పలేదు. సవతుల కథలో ఆస్తి అనే కారణం కనబడుతుంది. కనుక కారణం ఉన్నదే మూలమని వాదన.

ఈ వాదన ఆకర్షణీయమైనదే గాని బలమైనది కాదు. కథ చెప్పేవారు కాలక్రమంలో లోపాలను పూరిస్తారు, కారణాలు కల్పిస్తారు. పొందికగా ఉన్నది దిద్దుబాటుకు లోనైన తరువాతి రూపం కావడానికీ అంతే అవకాశముంది. పైగా పాలి కథలో ఆస్తి ప్రసక్తే లేదు, ఉన్నది యక్షిణి ఆకలి. కాబట్టి ఆ వాదన నిలిచినా దాని లాభం తిబెత్తు కథకే గాని మహోసధునికి కాదు. మూడవ దిక్కు నుండి మరొక సాక్ష్యం ఉంది. పాంపేయి శిథిలాలలో 1882లో ఒక కుడ్యచిత్రం బయటపడింది. బల్లమీద బిడ్డ, ఎత్తిన కత్తి, వేడుకుంటున్న స్త్రీ, పీఠం మీద న్యాయాధిపతులు అందులో ఉన్నారు. పాంపేయి బూడిదలో మునిగినది క్రీ.శ. 79లో. ఆ చిత్రం సొలొమోనుదేనని కొందరు, ఈజిప్టు రాజు బొక్కోరిస్ గురించిన కథ అని మరికొందరు. అంటే ఈ కథ తిరిగిన లోకం యెరూషలేము, మిథిల అనే రెండు ఊళ్ళకు పరిమితం కాదు.

వర్తకుల దారినే కథల దారిగా చూపేవారూ ఉన్నారు. అదే రాజుల మొదటి గ్రంథం పదవ అధ్యాయంలో సొలొమోను ఓడలు తెచ్చిన సరుకులలో "తుక్కియ్యీం" అనే మాట ఉంది. నెమళ్ళని దాని అర్థంగా చెబుతారు. ఇది తమిళ "తోకై" నుండి వచ్చిందని కాల్డ్‌వెల్ వంటివారు భావించారు. మన "తోక" కూడా ఆ కుదురులోని మాటే కనుక తెలుగు పాఠకునికి ఇది ముచ్చటగొలుపుతుంది. అయితే ఆ హీబ్రూ మాట అర్థమే వివాదంలో ఉంది. ఇటు వైపు బావేరు జాతకంలో మన వర్తకులు కాకిని, తరువాత నెమలిని బావేరు దేశానికి తీసుకుపోయి అమ్ముతారు. బావేరు అంటే బబులోను అని పండితుల అభిప్రాయం. సముద్రం మీద రాకపోకలు ఉన్నాయనడానికి ఇవి చాలు. ఓడలో నెమలి ఎక్కింది కనుక ఫలానా కథ కూడా ఎక్కిందనడానికి చాలవు. ఓడలు తిరిగి కూడా వస్తాయి. కథ అటునుండి ఇటు వచ్చి ఉండకూడదా అన్న ప్రశ్నను మనమే వేసుకోవలసి ఉంటుంది.

రుజువు అంటే ఎట్లా ఉంటుందో చూపే ఉదాహరణలు లేకపోలేదు. 1872లో జార్జ్ స్మిత్, నీనెవె మట్టిపలకలలో గిల్గమేషు కావ్యపు పదకొండవ పలకను చదివాడు. జలప్రళయం, ఓడ, పర్వతం మీద నిలవడం, పక్షులను ఒకదాని తరువాత ఒకటి వదలడం, బయటపడ్డాక అర్పించిన బలి సువాసనను దేవతలు ఆఘ్రాణించడం, ఇవన్నీ నోవహు కథలో ఉన్న వరుసలోనే ఉన్నాయి. ప్రళయ కథ మెసొపొటేమియాలో ఆదికాండానికి ఎన్నో శతాబ్దాల ముందే రాతలో ఉంది. గిల్గమేషు పలక ముక్క ఒకటి ఇశ్రాయేలు నేలమీదనే మెగిద్దోలో దొరికింది. ఆ ముక్కలో ప్రళయ ఘట్టం లేకపోయినా, ఆ కావ్యం అక్కడి లేఖకుల చేతిలో ఉన్నదని తెలుస్తోంది. వరుస, కాలం, దారి మూడూ కుదిరాయి. నోవహు కథకు మెసొపొటేమియా మూలమున్నదని అందుకే ధైర్యంగా చెబుతున్నాము.

రెండవ ఉదాహరణ బైబిలు లోపలిది కాదు గాని మనకు మరీ దగ్గరిది. మధ్యయుగ ఐరోపాలో బర్లాము, యోసఫాతు అనే పుణ్యపురుషుల చరిత్ర బహుళ ప్రచారం పొందింది. కొడుకు సన్యసిస్తాడన్న జోస్యం, తండ్రి కట్టించిన రాజభవనం, రోగిని, వృద్ధుని చూడడం, రాజ్యత్యాగం, అన్నీ సిద్ధార్థుని కథే. పేరు ప్రయాణించిన తీరు కూడా తెలుసు. "బోధిసత్త్వ" అరబ్బీలో "బూదాసఫ్" అయింది. ఒక్క చుక్క తేడాతో "యూదాసఫ్" అయింది. జార్జియను, గ్రీకు భాషల మీదుగా లాటినులో "యోసఫాతు" అయింది. నవంబరు 27న రోమను చర్చి స్మరించిన పుణ్యపురుషులలో ఈ విధంగా మన బోధిసత్త్వుడూ చేరాడు. చుక్క జారిన చోటు కూడా చూపగలిగినప్పుడు దానిని రుజువు అంటాము. సొలొమోను తీర్పు విషయంలో మన దగ్గర అటువంటి చుక్క ఒక్కటీ లేదు.

ఆధారం లేని చోట ఉత్సాహం ఏం చేస్తుందో తెలియాలంటే నికొలాయ్ నొతోవిచ్ ఉదంతం చాలు. యేసు భారతదేశంలో బౌద్ధం అభ్యసించాడని చెప్పే ప్రతి లదాఖులోని హెమిస్ విహారంలో తనకు కనబడిందని 1894లో అతడు పుస్తకం ప్రకటించాడు. మాక్స్ ముల్లర్ వెంటనే శంకించాడు. మరుసటి ఏడు ఆర్చిబాల్డ్ డగ్లస్ హెమిస్ వెళ్ళి విచారించగా, అటువంటి ప్రతి ఏదీ లేదని విహారాధిపతి స్పష్టంగా చెప్పాడు. అయినా ఆ కథ ఈనాటికీ మన సభలలో తిరుగుతూనే ఉంది. ఒక అబద్ధాన్ని మన కోసం వాడుకుంటే, తరువాత మనం చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. బర్లాము, యోసఫాతు వంటి అపురూపమైన సత్యం కూడా ఆ అనుమానపు నీడలో పడిపోతుంది. నష్టపోయేది మన శాస్త్రమే.

మూలం వదలి అర్థం వైపు చూస్తే, ఈ రెండు కథలూ ఒకే వస్తువుతో ఎంత దూరం పోయాయో తెలుస్తుంది. సొలొమోనుకు నిజం తెలియదు, కత్తితో కనుగొంటాడు. ఆ తీర్పు విని ఇశ్రాయేలీయులందరూ రాజుకు భయపడ్డారని, దైవజ్ఞానం అతనిలో ఉన్నదని గ్రహించారని కథ ముగుస్తుంది. దానికి కావలసింది రాజ్యాధికారపు స్థాపన. అబద్ధమాడిన స్త్రీ ఏమైందో చెప్పదు. మహోసధునికి నిజం ముందే తెలుసు. రెప్పవాల్చని ఎర్రని కన్నులను చూసి యక్షిణి అని గుర్తిస్తాడు. పరీక్ష తన కోసం కాదు, సభ కోసం. ఎవరి హృదయం బిడ్డపట్ల మృదువుగా ఉంటుందని జనాన్ని అడిగి, వారి నోటనే తీర్పు పలికిస్తాడు. యక్షిణి అని ఎట్లా తెలిసిందని వారడిగితే గుర్తులు ఒక్కొక్కటే చెబుతాడు. చివరకు యక్షిణిని శిక్షించడు. పూర్వపాపం చేతనే ఈ జన్మ కలిగిందని, మళ్ళీ పాపం చేయవద్దని మందలించి, పంచశీలంలో నిలిపి పంపుతాడు. కథలో బిడ్డ రక్షింపబడినట్లే దోషి కూడా రక్షింపబడుతుంది. ఈ కథ మనదని గర్వించదలచినవారు గర్వించవలసింది ఇక్కడ. దీనికి ప్రాచీనతా పత్రం అక్కరలేదు.

భిక్షువులు ఈ కథను ధర్మోపదేశంలో తప్పక చెప్పవలెను. సొలొమోను కథతో పోల్చి చెప్పినా మంచిదే. కాని "వారు మన నుండి దొంగిలించారు" అన్న వాక్యాన్ని విడిచిపెట్టవలెను. "రెండు సంప్రదాయాలలోనూ ఉన్నది, ఏది ముందో నిర్ణయించే ఆధారం లేదు" అని చెప్పవలెను. పరిశోధకులు శిల్పాన్ని శిల్పంగా, గద్యాన్ని గద్యంగా, వాటి వాటి కాలాలతో విడివిడిగా నమోదు చేయవలెను. మన సంప్రదాయంలో విచికిత్స నీవరణం, వీమంస ఋద్ధిపాదం. పరగ్రంథాన్ని తక్కువ చేయడానికి వాడే సందేహం ఈ రెండింటిలోనూ చేరదు. అది మానానికి మరొక పేరు.

గీతకు ఇరువైపులా నిలబడి ఈ కథను చేతులు పట్టి ఒకరు, కాళ్ళు పట్టి ఒకరు నూరేండ్లకు పైగా లాగుతున్నారు. ఎక్కువ బలంగా లాగినవారిదే బిడ్డ అని మహోసధుడు తీర్పు చెప్పలేదు.