రంగుల పటము వెనుక

మంగళగిరికి అటు విజయవాడ వైపునను, ఇటు గుంటూరు వైపునను వెలసిన ఇంజనీరింగు కళాశాలలలో దేనికి పోయినను, ఆఖరు సంవత్సరపు విద్యార్థి తన ప్రాజెక్టును చూపుచు మొట్టమొదట తెరమీదికి తెచ్చునది నీలమునుండి ఎరుపువరకు రంగులు పరచుకొనిన స్ట్రెస్ పటమే. ఎర్రనిచోట ప్రతిబలము హెచ్చు, నీలముచోట తక్కువ. ప్రక్కన ఒక గరిష్ఠసంఖ్య, దశాంశబిందువు తరువాత మూడునాలుగంకెలతో సహా. ఆ సంఖ్యను చూచి సంతసించుటకు ముందు, రంగులను తొలగించి అడుగుననున్న మెష్‌ను చూపుమని నేనడుగుదును. మా ఊరి బజారులో చీర బేరమాడు ఇల్లాలు అంచు రంగునకు మురియుటకు ముందు బట్టను వెలుతురునకు పట్టి నేత చూచును; పదిమంది ప్రాణములు ఆధారపడు కట్టడమునకు ఆపాటి పరీక్షయైనను జరుగవలదా?

ఆ రంగుల పటమునిచ్చు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి యనగా, వస్తువును మెష్ అను వలగా చిన్న చిన్న ఎలిమెంట్లుగా విభజించి, ఒక్కొక్కదానిలోపల స్థానభ్రంశము ఏదో యొక సులభమైన రీతిని మారునని ఊహించి, ఆ ఊహలన్నిటిని ఎలిమెంట్లు కలియు నోడ్ల వద్ద పొసగించి సమీకరణములను సాధించుటయే. ప్రతిబలమో, ఆ స్థానభ్రంశమునుండి నేరుగా రాక, దాని అవకలనమునుండి వచ్చును. కావున స్థానభ్రంశము చక్కగా వచ్చినచోట సైతము ప్రతిబలము ఒక మెట్టు మోటుగానే యుండును. ప్రక్కప్రక్కన నున్న రెండు ఎలిమెంట్లు తమ ఉమ్మడి అంచున రెండు వేర్వేరు విలువలు చెప్పుచుండగా, సాఫ్ట్‌వేరు వానిని సగటుచేసి నునుపైన రంగుగా పూయును. సగటుచేయక మునుపటి పటములో ఆ అంతరమెంత యున్నదో చూచినవానికి, మెష్ ఎచ్చట చాలలేదో ఎవరును చెప్పనక్కరలేదు.

కృష్ణపై మన ప్రకాశం బ్యారేజీ పూర్తియైనది 1957లో, ఈ పద్ధతి ఇంకను పురిటిలోనున్న కాలమున. టర్నర్, క్లఫ్ ప్రభృతులు విమానపు రెక్కల దృఢత్వమును గూర్చి వ్రాసిన, దీనికి దారిచూపిన ప్రసిద్ధ వ్యాసము 1956 నాటిది. ఈ పద్ధతికి క్లఫ్ నామకరణము చేసినది 1960లో. అనగా ఆ బ్యారేజీ 70 గేట్లను రూపొందించినవారికి ఈ సాధనమే లేదు. చేతి లెక్కలతో, అనుభవముతో, ఉదారమైన భద్రతాగుణకముతో నిర్వహించుకొనిరి. 2024 సెప్టెంబరు ఆరంభమున 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చి, దానితో కొట్టుకొనివచ్చిన పడవలు తాకి కొన్ని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నపుడు, అట్టి గేటునే తరగతిలో లెక్కింపుమని విద్యార్థులను కోరవలెనని నాకు తోచినది. గేటు మెష్‌కు మంచి పరీక్ష. ఏలనన అది ఎంతో వెడల్పు, మిక్కిలి పలుచన.

అట్టి పలుచని రేకు నీటి ఒత్తిడికి వంగునపుడు దాని పైతలమును, క్రిందితలమును వంపు తిరుగవలెను. నాలుగు మూలల సాధారణ ఎలిమెంటునకు అంచులు సూటిగానే నిలుచును గాని వంపు తిరుగుట దానికి చేతగాదు. వంగలేక, లేని కోతవికృతిని కల్పించుకొని బిగుసుకొనిపోవును. ఈ బిగువునకు లెక్క కలదు: ఉక్కువంటి లోహమునకు, ఒక్క ఎలిమెంటును నిర్ణీతకోణము వంచవలెనన్న, పొడవు ఎత్తుతో సమానమైనపుడే నిజముగా కావలసిన ఘూర్ణమునకు దాదాపు ఒకటిన్నర రెట్లు పట్టును, పొడవు ఎత్తునకు పదింతలైనచో సుమారు 40 రెట్లు పట్టును. పలుచని రేకును కొద్దిపాటి ఎలిమెంట్లతో కప్పదలచినవాడు వానిని సాగదీయకతప్పదు. సాగదీసినకొలది గేటు కంప్యూటరులో వజ్రమువలె గట్టిపడి, వంగుట తగ్గి, ప్రతిబలము తక్కువగా కనబడును. తప్పు భద్రతవైపునకు మొగ్గినచో క్షమింపవచ్చును; ఇది ప్రమాదమును దాచు తప్పు. దీనికి విరుగుడుగా ఎన్మిది నోడ్ల ఎలిమెంట్లు, తగ్గించిన సమాకలనము, అదనపు వంపురూపములు మున్నగు ఉపాయములు కలవు. తీరైన దీర్ఘచతురస్రములలో చక్కగా పనిచేయు ఆ అదనపు రూపములే, ఎలిమెంటు ట్రెపీజియముగా ఒరిగినంతనే బలము కోల్పోవును.

ఒరిగిన ఎలిమెంట్లు ఏమి చేయగలవో నార్వే సముద్రతీరము చూచినది. 1991 ఆగస్టు 23వ తేదీన, స్లైప్నర్ ఏ అను చమురువేదికయొక్క కాంక్రీటు పునాదిని ఫ్యోర్డు నీటిలో మెల్లగా దింపుచుండగా ఒక గోడ పగిలి, అది సాంతము మునిగిపోయెను. ప్రాణనష్టము లేకున్నను నష్టము సుమారు 70 కోట్ల డాలర్లు. మూడు అరలు కలియు చోట గోడకు వేసిన మెష్ మోటుగా, వక్రముగా నుండుటచే కోతప్రతిబలము సుమారు 47 శాతము తక్కువగా లెక్కకు వచ్చినదని విచారణలో తేలెను. ఆ చోట ఉక్కు కూర్పులోను లోపముండెను. పిమ్మట జాగ్రత్తగా చేసిన విశ్లేషణము 62 మీటర్ల లోతున గోడ విరుగునని చెప్పగా, వాస్తవముగా విరిగినది 65 మీటర్ల వద్ద. పద్ధతి మంచిదే, దానికిచ్చిన మెష్ మంచిది కాదు.

అట్లని మెష్‌ను సన్నముచేయుటయే సర్వరోగనివారిణియని యెంచరాదు. లాగబడు విశాలమైన రేకులో గుండ్రని రంధ్రపు అంచున గరిష్ఠప్రతిబలము మూడింతలగునని కిర్ష్ 1898లోనే నిరూపించెను. మెష్ సన్నమైనకొలది లెక్క ఆ మూడింటికి చేరి నిలుచును. లోపలికి మొనదేరిన పదునైన మూలవద్ద మాత్రము, ఎంత సన్నముచేసిన అంత పెరుగుచునేయుండును, ఏలనన సిద్ధాంతరీత్యా అచ్చట ప్రతిబలమునకు హద్దే లేదు. నిజమైన గేటులో ఆ మూలకు వెల్డింగుయొక్క గుండ్రదనమున్నది. దానిని నమూనాలో చూపక, మూలలోని ఎర్రచుక్కను పట్టుకొని రేకు మందము పెంచినవాడు ఉక్కును వృథాచేసినవాడే.

ఇంత శ్రమయు మెష్ మూలముననే గదా యని విసిగినవారిలో మన కృష్ణా డెల్టాలోని గుడివాడలో జన్మించిన అట్లూరి సత్యనాథం గారిని ప్రత్యేకముగా తలచుకొనవలెను. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో థియొడోర్ పియన్ శిష్యులై 1969లో డాక్టరేటు పొందిన ఆయన, ప్రతిబలమును అవకలనమునకు వదలక స్వయముగా ఊహించు హైబ్రిడ్ ఎలిమెంట్లపై కృషిచేసి, 1998లో ఝూ అను పరిశోధకునితో కలిసి మెష్ లేకయే సమీకరణములను సాధించు మార్గమును ప్రకటించిరి; 2013లో పద్మభూషణ పురస్కారము పొందిరి. ఆ మార్గములోను బిందువులను ఎచ్చట దట్టముగా, ఎచ్చట పలుచగా చల్లవలెనను విచక్షణ మనుష్యునిదే.

మా విద్యార్థుల నివేదికలలో రంగుపటమునకు ముందు పుటలో మెష్ పటముండవలెనని, ఒకే సమస్యను మూడు మెష్‌లతో సాధించి గరిష్ఠప్రతిబలమెట్లు మారినదో పట్టికగా వేయవలెనని, ఎలిమెంటు వెడల్పును ఏల అంతయే యుంచితిరో రెండు వాక్యములు వ్రాయవలెనని నా కోరిక. ప్రాజెక్టు మార్కులలో సగము ఆ పుటకే కేటాయించుమని పరీక్షకులను కూడ ప్రార్థించుచున్నాను.