గుడ్డ మీద మోడం

సురభీ! ఊరిపేరే ఇంటిపేరై, ఇంటిపేరే వంశమై, వంశమే నాటకమైన తల్లీ! పాపాఘ్ని ఇసుక కింద నీళ్ళు దాక్కునే కడప సీమలో, చక్రాయపేట దిక్కున, మోడం కోసం చూసి చూసి మెడలు నొచ్చిన జనం నడుమ కళ్ళు తెరిచావు. చినుకు కరువైన నేల మీద పుట్టి కామధేనువు పేరు పెట్టుకున్నావు. ఏం గుండె అమ్మా నీది!

1885. ఒక పెళ్ళి వేడుక. తరతరాలుగా తోలుబొమ్మలాడించిన చేతులు ఆ రాత్రి బొమ్మల్ని పక్కన పెట్టాయి. తెర వెనకాల నీడల్ని నడిపించినవాళ్ళు తెర ముందుకు నడిచొచ్చారు. వనారస గోవిందరావు పూనికతో ‘కీచకవధ’ లేచి నిలబడింది. తోలుకు బదులు తోడబుట్టినవాళ్ళు, పుల్లలకు బదులు ప్రాణాలు! ఎక్కడో మరాఠీ నేలన మొలిచిన నాలుక తెలుగు పద్యం ఎత్తుకుంటే, ఆ పద్యానికి సంగటిముద్దంత బలం వచ్చింది.

నీ బడికి గంట లేదు, పలక లేదు, సెలవు లేదు. రంగస్థలం పక్కనే ఉయ్యాల; ఉయ్యాలకు జోల హార్మోనియం. బిడ్డ పాకితే బాలకృష్ణుడు, పరుగెత్తితే ప్రహ్లాదుడు, మారాం చేస్తే లోహితాస్యుడు, మీసమొస్తే అభిమన్యుడు. వయసు పెరిగేకొద్దీ వేషం పెరిగే వింత చదువు! మిగతా చోట్ల మగవాళ్ళు చీరలు చుట్టుకుని సీతలైన కాలంలో, నీ ఆడబిడ్డలు తమ గొంతుతో తామే ఏడ్చారు, తామే నవ్వారు. జపానులో 1629లో కబుకీ వేదిక మీంచి ఆడవాళ్ళను దించేశారని చదివినప్పుడల్లా, నీ అర్దళం పూసిన ఆడముఖాలకు మనసులోనే దిష్టి తీస్తాను.

ఆ జపానుకే మన సీమ పిల్ల ఒకతె చదువుకు వెళ్ళిందనుకో తల్లీ, వేసవి వారాల్లో నోహ్ నాటకం నేర్చుకునేందుకు. మొదట నేర్పేది మాట కాదు, నడక. మడమ ఎత్తకుండా, నున్నటి చెక్క మీద పాదం జరిపే నడక. నీళ్ళ మీద ఆకు జరిగినట్టు, నిద్రలో కల జరిగినట్టు. వెనక గోడ మీద ఒక్కటే పైన్ చెట్టు బొమ్మ. చేతిలో ఒక్కటే విసనకర్ర. అదే చంద్రుడు, అదే కత్తి, అదే కల్లుముంత. కొయ్య ముఖాన్ని రవంత పైకెత్తితే వెలుగు, ‘తెరాసు’ (మన చెవికి అందులో తెర వినపడుతుంది కదూ!). రవంత దించితే ‘కుమొరాసు’. అంటే మబ్బు పట్టించడం.

మబ్బు పట్టించడం! ఆ మాట దగ్గర ఆ పిల్ల నడక తప్పుతుంది. గురువు కోప్పడతాడు, పడనీ. ఆమె కళ్ళ ముందు నీ మేఘాల తెర దిగుతూ ఉంటుంది.

ఒసాకా బొమ్మలాటలో ఒక్క బొమ్మను ముగ్గురు మోస్తారు. కాళ్ళు ఆడించడానికి పదేళ్ళు, ఎడమచేతికి మరో పదేళ్ళు, ఆపైనే తల. అది చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోదు. ఉయ్యాలలో వేషం కట్టినవాళ్ళ సీమ నుంచి వచ్చింది మరి.

జపాను వాళ్ళది మౌనం, నీది మోత. వాళ్ళది ఒక్క చెట్టు, నీది వనం, కోట, పాతాళం, స్వర్గం. తక్కువలోనే కళ ఉందని పెద్దలంటారు, అననీ. లేమి తెలిసిన నేల నిండుగా గీసుకుంటుంది. ఆకలి తెలిసిన నేల ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలను ఎగరేసుకుంటుంది. బాణం బాణాన్ని గాలిలో ఢీకొనాలి, మంట లేవాలి, నారదుడు మబ్బుల్లోంచి దిగాలి. అంత నిండుతనాన్ని మడిచి, బండ్లకెత్తి, ఊరూరా విప్పిన తల్లీ, నీ రేకుల కొట్టానికి దణ్ణం. నీ తాళ్ళకు, కప్పీలకు దణ్ణం. రంగు వెలిసిన నీ పరదాలకు వెయ్యి దణ్ణాలు.

ఈ రాత్రి మళ్ళీ ‘మాయాబజార్’. బయట కడప ఆకాశం ఎండి, చుక్కలు పగిలిన శెనక్కాయల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. లోపల, చీకట్లో, ఎవరికీ కనపడని చెయ్యి ఒకటి తాడు వదులుతోంది. గుడ్డ మీద మోడం మెల్లగా దిగుతోంది. ముందు వరుసలో ఒక ముసలి రైతు, భుజం మీది తువ్వాలు తీసి తలకు కప్పుకున్నాడు.