ఐదు వందల పన్నెండు బుగ్గలు

మా భోజనాల బల్ల మీద నెల రోజులుగా భోజనం లేదు. కన్నాలు పొడిచిన ప్లైవుడ్ చెక్క, టంకం తీగ చుట్ట, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఇవే ఉన్నాయి. కంచాలు హాల్లో నేల మీదికి దిగాయి. మొదట్లో ‘ఇదెప్పుడు వెలుగుతుందండీ’ అని అడిగిన మా ఆవిడ రెండో వారానికి ‘ఇదెప్పుడు లేస్తుందండీ’ అనడం మొదలుపెట్టింది.

చేస్తున్నది ఎల్‌ఈడీ క్యూబ్. వెడల్పుకు 8, లోతుకు 8, ఎత్తుకు 8, మొత్తం 512 చిన్న దీపాలు. మన హైదరాబాదులో దీపాన్ని బుగ్గ అంటాం కాబట్టి నేనూ అదే అంటాను. టీవీ బొమ్మను వెనక్కి వెళ్లి చూస్తే ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దీని చుట్టూ మాత్రం తిరిగి చూడొచ్చు. పై అంతస్తు నుంచి కిందికి చినుకులు రాలతాయి, అల లేచి పడుతుంది, డబ్బా ఆకారం ఒకటి ఉబ్బి ముడుచుకుంటుంది. దీనివల్ల పైసా ఉపయోగం లేదు. ముందే చెబుతున్నాను.

బర్కత్‌పుర వాడికి ఈ పనిలో ఒక సుఖం ఉంది. నారాయణగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. 2020 ఫిబ్రవరిలో ఆ లైను మొదలైనప్పటి నుంచి ఈ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీ మాకు పక్కవీధితో సమానం. ‘ఐదు ఎంఎం నీలం, ఆరొందలు’ అంటే కొట్టాయన తల ఎత్తకుండానే ‘క్లియరా, మిల్కీనా?’ అన్నాడు. మిలమిలా మెరుస్తున్నాయి కదా అని క్లియర్ అన్నాను. తప్పు చేశాను. క్లియర్ బుగ్గ వెలుగంతా నెత్తి మీంచి పైకే పోతుంది. పక్క నుంచి చూస్తే నీరసం. పైగా తన పైనున్న బుగ్గ అడుగును వెలిగించి, ఆరినదాన్ని కూడా వెలిగినట్టు చూపిస్తుంది. మిల్కీ బుగ్గలో వెలుగు నలువైపులా సమంగా పరుచుకుంటుంది. ఇక చేసేదేముంది, ఆరొందలనూ ఒక్కొక్కటిగా గరుకు కాగితం మీద రుద్ది తెల్లబరిచాను. మూడు సాయంత్రాలు పోయాయి. నిక్ హోలోన్యాక్ 1962లో ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాక, కళ్లకు ఆనేంత నీలం రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ నీలం తెచ్చిన అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. అంతటి వస్తువును నేను గరుకు కాగితానికి రుద్దుతున్నాను.

ఈ పనిలో సగం చెక్కలోనే ఉంది. దాని మీద 8 చుక్కలు, 8 వరుసలు. ప్రతి చుక్క దగ్గరా ఐదు మిల్లీమీటర్ల కన్నం. బుగ్గను తలకిందులుగా అందులో దించి, పొట్టి కాలును పక్కకు వంచి, పక్క బుగ్గ కాలుకు టంకం పెట్టాలి. పొడుగు కాలు నిటారుగా ఉండాలి, రేపు ఇంకో అంతస్తును అందుకునేది అదే. కాలు అంగుళం పొడవుంటే గొప్ప. అందుకని చుక్కకూ చుక్కకూ మధ్య 20 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను. నేను స్కేలుతో గీసిన గళ్లను చూసి మా అమ్మ ‘మూడో వరుస వంకరపోయిందిరా’ అంది. కొలిచి చూస్తే మిల్లీమీటరు తేడా. ఆవిడకు ఎనభై దాటాయి, అప్పుడు కళ్లజోడు కూడా లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి వాకిట్లో చుక్కలు పెట్టిన మనిషి. చెక్క మార్చాను.

ఇక టంకం. ఐరన్ మొన రెండు కాళ్లనూ ఒకేసారి తాకాలి. టంకం తీగను మొనకు కాకుండా కాలుకు తగిలించాలి. తగలగానే తళుక్కున పాకితే అతుకు కుదిరినట్టు. బూడిద రంగు గుండులా కూచుంటే మాత్రం తలనొప్పిని దాచిపెట్టుకున్నట్టే. రెండు మూడు సెకన్లు దాటితే బుగ్గ లోపల ఉడికిపోతుంది. ఇలాంటివి సుమారు వెయ్యి అతుకులు. కిటికీ తెరిచి కూచోండి, లేవగానే చేతులు కడుక్కోండి, టంకంలో సీసం ఉంది.

బుగ్గకు రెండు తీగల చొప్పున లాగితే 1,024 కావాలి. క్యూబుకు 72 చాలు. నిలువు స్తంభాలకు 64, అంతస్తులకు 8. ఏ అంతస్తు, ఏ స్తంభం అని చెబితే అపార్టుమెంటులో ఫ్లాటు దొరికినట్టు బుగ్గ దొరుకుతుంది. దీన్ని నడిపే ఆర్డినో బోర్డుకు అన్ని పిన్నులు లేవు కనుక 595 రకం షిఫ్ట్ రిజిస్టర్ చిప్పులు ఎనిమిది వరుసగా పెడతాం. ఇది అచ్చం పెళ్లి పంక్తి. విస్తరాకు చేతులు మారుతూ చివరి మనిషి దాకా పోతుంది. అందరికీ అందాక ‘ఇక కానివ్వండి’ అంటే అందరూ ఒక్కసారే ముద్ద ఎత్తుతారు. చిప్పులకు ఆ మాట చెప్పే తీగ పేరు ల్యాచ్.

అసలు కిటుకు ఇంకొకటుంది. క్యూబులో ఏ క్షణంలో చూసినా వెలిగేది ఒక్క అంతస్తే. సెకనుకు వంద సార్లు ఎనిమిదీ వెలిగి ఆరుతుంటే, అంతస్తు వాటాకు వచ్చేది 1.25 మిల్లీసెకన్లు. ఆ వేగాన్ని అందుకోలేక కన్ను అన్నిటినీ కలిపి చూస్తుంది. చిన్నప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సుదర్శన్, సంధ్య థియేటర్ల చుట్టూ తిరిగి చూసిన రీలు సినిమాలూ అంతే. బొమ్మకూ బొమ్మకూ మధ్య షట్టర్ అడ్డుపడి, దాదాపు సగం సేపు తెర చీకట్లోనే ఉండేది. ఆ చీకటికి కూడా టికెట్టు కొన్నాం.

ఇలా వెలిగించి ఆర్పడానికి అంతస్తుకు ఒక ట్రాన్సిస్టర్ కావాలి. ఇంట్లో ఉన్నాయి కదా అని బీసీ547 పెట్టాను. దాని తాహతు 100 మిల్లీఆంప్‌లు. బుగ్గకు 10 చొప్పున 64 ఒకేసారి వెలిగితే 640. లెక్క చేయకముందే వాసన వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి ‘ఏమండీ, ఏదో మాడుతోంది’ అంది. ఈసారి మాడింది ఆవిడ పొయ్యి మీద కాదు.

ప్రతి అంతస్తూ చెక్క మీద ఉండగానే 64 బుగ్గలనూ వెలిగించి చూసుకోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించాక లోపలికి వేలు దూరదు. నేను చూసుకున్నాను. అయినా అంతా నిలబెట్టి మీట వేసినప్పుడు, పై వాటాలో ఉండి గ్రూప్స్‌కు చదువుతూ రోజంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గడిపే కుర్రాడు ఒంగి చూసి ‘అంకుల్, నాలుగో అంతస్తుల నడిమిట్ల ఒకటి వెలుగుతలేదు’ అన్నాడు. పైనున్న కాలుకు టంకం పెట్టేటప్పుడు ఉడికిపోయి ఉంటుంది. దాన్ని తీయాలంటే పై నాలుగు అంతస్తులు విప్పాలి. విప్పలేదు. 511తోనే వాన కురుస్తోంది.

రెడీమేడ్ ప్రాజెక్టు కొని కాలేజీలో చూపించే ఇంజినీరింగ్ పిల్లలకు ఈ చిక్కేదీ ఉండదు, వాళ్ల క్యూబులో అన్నీ వెలుగుతాయి. ఏది ఎందుకు వెలుగుతోందో మాత్రం అడక్కండి.

మీరూ మొదలుపెడతానంటే 4 x 4 x 4 క్యూబుతో మొదలుపెట్టండి. 64 బుగ్గలు, 20 తీగలు. ఆర్డినో ఊనోకు సరిగ్గా 20 పిన్నులున్నాయి, షిఫ్ట్ రిజిస్టర్ల గొడవ లేదు. భోజనాల బల్ల జోలికి పోకండి. కొట్టాయన క్లియరా, మిల్కీనా అని అడిగితే పాలబుగ్గలే అడగండి.