రామదాసు బేరమాడెనా?

శ్రీరామనవమి పందిళ్లలో భద్రాచల రామదాసుని కీర్తనములు పాడని యూరు తెలుగుదేశమున నరుదు. వానిలో నగల లెక్కలు చెప్పు కీర్తనము వచ్చినంతనే వినువారి పెదవులపై నొక చిఱునవ్వు తోచును. సీతమ్మకు చేయించిన చింతాకు పతకమునకు 10,000 వరహాలు పట్టెనని దాసు చెప్పును. భరతునికి పచ్చల పతకము, శత్రుఘ్నునికి మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకము, రామునికి కలికితురాయి. ఇన్నిటిని వరుసగా నెత్తి చూపి, ఇవి నీ తండ్రి దశరథుడు చేయించినవా, నీ మామ జనకుడు పంపినవా యని దేవుని మొగము మీదనే యడుగును.

సంస్కారప్రియులగు మా మిత్రులు కొందఱు దీనిని విని ముఖము చిట్లింతురు. ఇది భక్తి కాదు, వర్తకము. నేను నీకు గుడి కట్టించితిని, నీవు నన్ను చెఱనుండి విడిపింపుమనుట యంగడి మాట యని వారి యాక్షేపము. ఒకప్పుడు మేమును నట్లే తలచితిమి. ఇప్పుడట్లు తలపజాలము.

బేరమనగా నేమి? ఇంత యిచ్చెదను, ఇంత యిమ్మనుట. ఇచ్చుటకు ముందే షరతు పుట్టవలెను. బేరము కుదురనిచో మఱియొక యంగడికి పోవుటకు కాలు సిద్ధముగా నుండవలెను. ఈ కీర్తనమును మరల నొకసారి వినుడు. నన్ను విడిపించినచో నింకొక పతకము చేయించెదనన్న మాట యందెక్కడను లేదు. చెప్పినదంతయు జరిగిపోయిన దానిని గూర్చియే. కొడుకు మాట విననినాడు తల్లి, నిన్ను పెంచుటకెన్ని రాత్రులు మేలుకొంటిని రా యని యెత్తి పొడుచును. ఆమె యా రాత్రులకు కూలి యడుగుచున్నదని యెవడైన ననుకొనునా? లెక్క చెప్పుటయందు కొన్ని చోట్ల ప్రేమయే మాటలాడును. పరాయివానితో నట్టి లెక్క చెప్పలేము. చెప్పినచో వాడు రసీదు చూపుమనును.

అయినను దాసుని మేము పూర్తిగా విడువజాలము. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు. 1672లో సింహాసనమెక్కిన తానీషాకు చేరవలసిన శిస్తు సొమ్ముతో గుడి కట్టించెనని, అందుచేతనే గోలకొండ కోటలో చెఱ పడెనని కథ. ఆ కథయే నిజమైనచో, వరహాలను పతకముల పేర విడివిడిగా చెప్పిన యా లెక్కలో, ఆ వరహాలను చెమటోడ్చి సంపాదించిన రైతు పేరు కానరాదు. బేరమన్న యాక్షేపముకంటె నీ యాక్షేపము బలమైనది. మా మిత్రులు దీనిని వదలి దానిని పట్టుకొనుట మాకాశ్చర్యము.

ఇక కీర్తనములోని మేలైన పట్టు వేఱొకటి. అంత తిట్టినవాడు ఆ పాటలోనే వెనుకకు తిరిగి, తిట్టితినని నొచ్చుకొనవలదు, దెబ్బల కోర్వలేక తిట్టితిని అని క్షమాపణ వేడును. ఇది గమనింపదగినది. ఆ క్షమాపణ వేడునాటికి దాసునికి విడుదల కాలేదు. రాముడు మాఱు పలికినట్లు పాటలో లేదు. చేతికేమియు రాకమున్నే తిట్టును వెనుకకు తీసికొన్న వానిని వర్తకుడనుట యెట్లు? వర్తకుడు సొమ్ము ముట్టినపిదప గదా మెత్తబడును! తిట్టుటకు చనువు కావలెను. తిట్టి నొచ్చుకొనుటకు ప్రేమ కావలెను. దాసునికి చెఱలో మిగిలినవి యీ రెండే.

ఈ పాటను చెఱచినది పాట కాదు, దాని కంటించిన కథ. రామలక్ష్మణులు మాఱువేషమున తానీషా పడకటింటికి పోయి బాకీ సొమ్మంతయు కుమ్మరించి రసీదు పుచ్చుకొనిరని లోకము చెప్పుకొనును. 1964లో చిత్తూరు నాగయ్యగారు తీసిన చిత్రమునను, 2006లో వెలువడిన చిత్రమునను ఈ కథయే ప్రాణము. కథ యింపైనదే, మేమును కన్నుల నీరు పెట్టుకొనియే చూచితిమి. కాని యా ముగింపును ముందుంచుకొని కీర్తనము వినువారికి, అది వసూలైన దావావలె వినబడును. దాసు లెక్క పంపెను, రాముడు చెల్లించెను, ఖాతా మూయబడెను! పాడినవానికి ముగింపు తెలియదు. చీకటి కొట్టులో నుండి పాడిన పాటను మనము వెలుతురున కూర్చుండి వినుచున్నాము. గోలకొండలో రామదాసు చెఱయని చూపు నా గదిలో నొక గడియ నిలిచి వచ్చినవారికి మా మాట సులభముగా బోధపడును.

నిజమైన బేరము గుడి వెలుపల, మన యిండ్లలోనే జరుగుచున్నది. మా పొరుగింటి యిల్లాలి కైదేండ్ల కుమారునికి జ్వరము తగిలెను. ఆమె పసుపుబట్టలో రూపాయి ముడుపు కట్టి, బిడ్డ బ్రతికినచో తిరుపతి కొండపై తలనీలాలిప్పించెదనని మ్రొక్కుకొనెను. జ్వరము తగ్గెను. చేతిలో సొమ్ము లేక ప్రయాణము నెల నుండి నెలకు జరిగెను. మరల జ్వరము వచ్చి బిడ్డ పోయెను. మ్రొక్కు తీర్చకపోవుటచేతనే స్వామి బిడ్డను తీసికొనిపోయెనని ఆమె నమ్మకము. వడ్డికాసులవాడు, వడ్డితో సహా రాబట్టుకొనెను అని చుట్టములలో నొకరు పరామర్శకు వచ్చి యన్నారు! ఓదార్పు మాటగానే అన్నారు కాబోలు. కుబేరునికి తీర్చవలసిన యప్పును బట్టి జనులు ముద్దుగా పెట్టుకొన్న పేరది; ఆ తల్లి చెవికది తీర్పయ్యెను.

ఈ బేరమునందలి క్రౌర్యము ఆక్షేపించు మా మిత్రులకు తట్టినట్లు లేదు. దేవునికి లంచమిచ్చుట యవమానమని వారు దేవుని పక్షమున వాదింతురు. దేవునికేమి కొదవ? నష్టపోవునది మ్రొక్కినవారు. కోరిక తీరినచో అది కొన్న సరకు. తీరనిచో తప్పు తమది. ఎటు చూచినను ప్రేమకు చోటు లేదు.

పోతన గజేంద్రుని చూడుడు. తన బలము తీరువఱకు మొసలితో పోరాడి, పిదప గదా మొఱపెట్టెను. మొఱలో నడుమ సందేహమునకును వెనుదీయలేదు. ఉన్నాడని జనులు చెప్పుచున్నవాడు నిజముగా నున్నాడో లేడో యనికూడ ననెను. కాని గట్టెక్కించినచో కొలనిలోని తామరలన్నియు నీకే యని యనలేదు. వచ్చినవాడును లక్ష్మితోనైనను చెప్పక, శంఖచక్రముల నందుకొనక పరుగెత్తి వచ్చెనని పోతన చెప్పును. లెక్క చూచుకొని వచ్చువాని నడక యట్లుండదు. సందేహము ప్రార్థనకు విఘాతము కాదనియు, బేరమే విఘాతమనియు మా కా ఘట్టము చదివినప్పుడు తోచినది.

మొన్నటి నవమికి మా వీథి పందిటిలో భజన జరిగెను. బిడ్డ పోయిన తరువాత ఆ యిల్లాలు పదిమందిలోనికి వచ్చుట అదే మొదలు. నగల లెక్కల కీర్తనము రాగా అందఱును నవ్విరి; ఆమె నవ్వలేదు. భజన ముగిసి దీపములు తీయుచుండగా మా యొద్దకు వచ్చి, "రామదాసు దేవుణ్ణి అంతలేసి మాటలన్నాడా అన్నగారూ?" అని యడిగెను.

అన్నాడంటిమి.

"స్వామికి కోపం రాలేదా?"

ఆ సంగతి పాటలో లేదనియు, దెబ్బలకోర్వలేక అంటినని తరువాత తానే చెప్పుకొన్నాడనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు నిలుచుండి, ఆ పాట వ్రాసి యిమ్మని యడిగెను. మఱునాడు వ్రాసి పంపితిమి.