చలానా కంటె ప్రీమియమెక్కువట!

గత వారము చందానగర్‌లోని మా అపార్ట్‌మెంటు సెల్లారులో, ప్రతిదినము కారు నడుపుకొని హైటెక్ సిటీకి పోవు ఒక సాఫ్ట్‌వేరు యువకుడు, తన కారు ఇన్సూరెన్సు గడువు తీరి చాలకాలమైనదని విని నేను కనుబొమలు ముడుచుట చూచి, "పట్టుకుంటే రెండు వేలే కదా అంకుల్, ప్రీమియం అంతకంటే ఎక్కువ" అని నవ్వెను. హారను మ్రోతపైనను, నంబరు ప్లేటుపై కులనామములు చెక్కించుకొనుటపైనను నాకు గల పాతవైరము నెరిగిన పాఠకులకు, ఆ నవ్వు నన్నెంత మండించెనో వేరుగ చెప్పనక్కఱలేదు.

చలానాను పదింతలు పెంచవలెనని వ్రాయ సంకల్పించి లెక్కలకు కూర్చుంటిని. తీరా చూడ కుఱ్ఱవాని లెక్క ఒప్పే! మోటారు వాహనముల చట్టము 196వ సెక్షను ప్రకారము తొలి తప్పునకు 2,000 రూపాయల జుల్మానా, లేదా 3 నెలల వరకు ఖైదు, లేదా రెండును. మరల దొరకిన 4,000. వెయ్యి నుండి పదునైదు వందల సీసీ కారునకు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియము 3,416, పన్ను వేరు.

ఆ ప్రీమియము ఎవరి కొఱకో మా పెదనాన్నగారు చెప్పినంత సూటిగా ఏ వకీలును నాకు చెప్పలేదు. విజయవాడలో ఆయనకొక లారీ యుండెడిది. దసరా నాడు దానికి పసుపుకుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, పిమ్మట సీటు క్రింది రేకుపెట్టె నుండి ఇన్సూరెన్సు కాగితము తీసి, దానికిని ఒక బొట్టు పెట్టెడివారు. నవ్విన నాతో, "ఇది బండికి కాదురా, బండి కింద పడేవాడికి" అనిరి. నందిగామ చేరువ, నేడు చందానగర్ నడుమగా పోవు ఈ 65వ నంబరు జాతీయ రహదారిపైననే, ఒకనాటి రాత్రి లైటు లేని సైకిలు మీద వచ్చు కూలి ఒకడు ఆ లారీ క్రింద పడి మరణించెను. కోర్టు నిర్ణయించిన సొమ్మును ఇన్సూరెన్సు కంపెనీ అతని భార్యకు చెల్లించెను. లారీ మా పెదనాన్నకు మిగిలెను. అయినను ఆయన ఆ దారిన రాత్రివేళ మరల బండి పంపలేదు.

నెలకు 15,000 సంపాదించు ముప్పదియేండ్ల తోపుడుబండి వ్యాపారి, భార్యయు ఇద్దరు పిల్లలును గలవాడు, గంగారం వద్ద రోడ్డు దాటుచు ఆ యువకుని కారు క్రింద పడెననుకొందము. సుప్రీంకోర్టు 2009లోను 2017లోను స్థిరపఱచిన సూత్రముల ననుసరించి ట్రిబ్యునలు సంవత్సరాదాయమునకు భవిష్యత్తు నిమిత్తము నూటికి 40 కలిపి, సొంతఖర్చు క్రింద మూడవ వంతు తీసి, 17తో హెచ్చించును. అది 28,56,000. ప్రాణమునకు రాబడిని బట్టి వెలకట్టు ఈ పద్ధతి నాకెన్నడును రుచింపలేదు గాని, ఆ గోల మఱొకమారు. పాలసీ యున్నచో కంపెనీ చెల్లించు ఈ మొత్తము, అది లేనప్పుడు కారు యజమానిపై పడును. చెల్లింపనిచో కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును.

యజమానికి ఆస్తియే లేకున్న? ఆ వితంతువు చేతిలో తీర్పు కాగితము మాత్రము మిగులును. ఇన్సూరెన్సు లేని బండి ప్రమాదము చేసినచో, తగిన పూచీ చూపనిదే విడువరాదనియు, చూపకున్న వేలము వేసి ఆ సొమ్ము ట్రిబ్యునలుకు చేర్చవలెననియు నిబంధనలు చేసికొనుడని సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రములను ఆదేశించినది. మంచిదే, కాని పాత కారు వేలములో ఎంత పలుకును?

కావున చలానా పెంచుడను నా అర్జీని చింపివేసితిని. పదింతలైనను ఆ సొమ్ము సర్కారు ఖజానాకే పోవును గాని, క్రింద పడినవాని ఇంటికి పైసయు చేరదు. పట్టుకొన్నచోటనే థర్డ్ పార్టీ పాలసీ కట్టించి బండి వదలుట మేలు. రెండువేలు ఆ పైన తీసికొన్నను నాకభ్యంతరము లేదు.

పాఠకులారా, మీ పాలసీ గడువు తేదీ నేడే చూచుకొనుడు. అమ్మివేసిన కారు ఇంకను మీ పేరనే రిజిస్టరై యున్నచో దానిని వెంటనే మార్పించుకొనుడు. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన మఱొక తీర్పు ప్రకారము, రికార్డులో పేరున్నవాడే యజమాని.