దప్పిగొనిన గురువు



కొరియా దర్శకుడగు పార్క్ చాన్-వుక్ 2009లో తీసిన చలనచిత్రమొకటి కలదు. ఆ భాషలో దాని పేరునకు గబ్బిలమని అర్థము. (గబ్బిలమనగానే మనకు 1941 నాటి జాషువా కవిగారి కావ్యము తోచును. అది పేదవాని మొఱ మోసిన గబ్బిలము, ఇది వేరు.) పిల్లలతో కూర్చుండి చూడదగినది కాదని ముందే చెప్పుచున్నాను, నెత్తురును, సిగ్గువిడిచిన దృశ్యములును అందు మెండు. అయినను సంఘములో పెద్దరికము వహించువారు ఆ కథ నెరుగుట మేలు.

సంగ్‌హ్యన్ అను కతోలిక గురువు ఆసుపత్రిలో రోగుల ప్రక్కను ప్రార్థించువాడు. ఎందరో తన కన్నులయెదుట చనిపోవుట చూచి, ఒక ఘోరమైన అంటురోగమునకు టీకా కనుగొను పరీక్షకు తన దేహమునే అప్పగించెను. అక్కడ ఎక్కించిన రక్తమువలన బ్రదికెను గాని, రక్తపిశాచియై బ్రదికెను. జనులు అది యెరుగక, చచ్చి లేచిన పరిశుద్ధుడని అతని చుట్టు మూగిరి.

ఇక్కడ దర్శకుని చూపు మెచ్చదగినది. గురువు ఒక్క దినమున పడిపోలేదు. ఎవరిని చంపనని నిశ్చయించుకొని, స్మృతిలేక పడియున్న రోగి నెత్తురు గొట్టముతో పీల్చును. ఆ రోగికి ఆకలిగొనినవారికి పెట్టుట ఇష్టము, మెలకువయుండిన తానే ఇచ్చును గదా అని తన్ను తాను ఒప్పించుకొనును! పాపమునకు ధర్మకార్యపు వస్త్రము తొడుగుట ఇంత స్పష్టముగా చూపిన చిత్రమును నేను వేరొకటి చూడలేదు. పిమ్మట చిన్ననాటి స్నేహితుని భార్యను ఆశించెను. భర్త ఆమెను హింసించుచున్నాడని నమ్మి, అతనిని నీట ముంచి చంపెను. ఆ మాట అబద్ధము. (ఈ భాగము ఎమిల్ జోలా 1867లో అచ్చువేసిన ఫ్రెంచి నవలనుండి తీసికొన్నది.) అటుతరువాత చిత్రములో నెత్తురే గాని ఆలోచన తక్కువ.

కడపట అతడు, తన్ను కొలుచుటకై గుడారములు వేసికొన్నవారి మధ్య ఒక కన్యను చెరచువానివలె నటించి, వారి భక్తిని బుద్ధిపూర్వకముగా విరుగగొట్టెను. స్వస్థపరచువారి వెంట పరుగిడు మన పల్లెలవారు ఈ దృశ్యము తలపోయవలెను. తరువాత ఆ స్త్రీని బలవంతముగా సముద్రతీరమునకు కొనిపోయి, ఉదయసూర్యుని వేడిమికి ఆమెతోకూడ కాలిపోయెను. నరకములో కలిసికొందమని ఆమెతో చెప్పును. నరకమున్నదని చివరివరకు నమ్మిన ఆ గురువు, ఎందరికో ఇచ్చిన క్షమాపణను తనకొరకు అడుగడు. తన తీర్పు తానే చెప్పుకొనెను. దర్శకుడు దీనిని ఘనతగా చూపెను, నేనొప్పుకొనను.

ఆ గుడారములలోని రోగులు మరునాడు ఎవరియొద్దకు వెళ్లిరో చిత్రము చెప్పదు. నాకు వారి సంగతియే తెలిసికొనవలెనని యుండెను.