నిప్పురవ్వకు పెట్టే ఖర్చు

తక్కువ డబ్బుతో చెకుముకి తుపాకి కొనాలనుకునేవాళ్ల చూపు ముందుగా కర్ర నునుపు మీదా, ఇత్తడి మెరుగు మీదా పడుతుంది. నిజానికి చూడాల్సింది లాక్‌ని. తుపాకి పక్కన అరచేతిలో ఇమిడేంత ఉండే ఆ ఇనుప మరే దానికి ప్రాణం. డబ్బు అక్కడ పెడితే మిగతా చోట్ల సర్దుకుపోవచ్చు.

ట్రిగ్గర్ నొక్కగానే, దవడల మధ్య తోలుముక్కలో బిగించిన చెకుముకి రాయి ముందుకు దూకి, ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది. ఈ పలకను ఫ్రిజెన్ అంటారు. రాయి అంచుకు చెక్కుకుపోయిన ఉక్కు పొట్టే మండి నిప్పురవ్వలవుతుంది. అదే దెబ్బకు ఫ్రిజెన్ తొలగి, దాని కింద చిన్న పళ్లెంలో పోసిన మెత్తని మందు బయటపడుతుంది. రవ్వలు పడి అది భగ్గుమంటే, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటిస్తుంది. లాక్ మంచిదైతే ఇదంతా ఒకే చప్పుడుగా వినిపిస్తుంది. నాసిరకమైతే ముందు టక్కుమంటుంది, తర్వాత తుస్సుమంటుంది, ఆ తర్వాత ఎప్పటికో పేలుతుంది. ఒక్కోసారి పేలనే పేలదు.

పొడవాటి చెకుముకి రైఫిల్‌కు పుట్టిల్లు అమెరికాలోని పెన్సిల్వేనియా. 18వ శతాబ్దంలో అక్కడి లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్లు, తమ దేశపు పొట్టి యేగర్ తుపాకిని సన్నగా, పొడుగ్గా మలిచారు. ఆ రాష్ట్రంలో 1974 నుంచి క్రిస్మస్ అయ్యాక జింకల వేటకు ప్రత్యేకంగా మజిల్‌లోడర్ సీజన్, అంటే మూతి నుంచి మందు దట్టించే తుపాకుల సీజన్ ఉంది. అందులో తుపాకి పట్టుకెళ్తే అది చెకుముకిదే అయి ఉండాలి. అందుకే అక్కడ మామూలు జీతగాళ్లు కూడా దీన్ని కొంటారు. మన దేశంలో మాత్రం ఇలాంటి తుపాకికైనా సాధారణంగా లైసెన్సు తప్పదు.

కొత్తవాటిలో చవకైనవి చాలావరకు స్పెయిన్ నుంచి వస్తాయి. ఇటలీలో తుపాకుల ఊరుగా పేరుపడ్డ గార్డోనే వాల్ ట్రోంపియాలోని పెదెర్సోలి సరుకు వాటికన్నా ఖరీదు. చవక తుపాకి రవ్వలు సరిగా రాల్చకపోతే వెంటనే నిరాశపడక్కర్లేదు. రంపంతో కోసిన రాయి తీసేసి, ఇంగ్లండ్‌లోని బ్రాండన్ నల్లరాయి లాంటి, చేత్తో చెక్కిన రాయి పెట్టి చూడాలి. చాలా తుపాకులు ఆ చిన్న ఖర్చుతోనే దారికొస్తాయి. అప్పటికీ రవ్వ రాకపోతే ఫ్రిజెన్ మెత్తనిదన్నమాట, దానికి మళ్లీ పదును పట్టించాలి. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే డబ్బు మిగిలే మాట నిజమే, కానీ కర్రపని చేతనైనవాళ్లకే ఆ సలహా ఇస్తాను.

నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. అయితే చేతికి తీసుకోగానే అందులో మందు దట్టించి ఉందేమో చూడాలి. మూతిని మనుషుల వైపు తిప్పకుండా, మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగంటా దించి, మూతి దగ్గర వేలితో గుర్తు పెట్టుకోవాలి. దాన్ని బయటికి తీసి గొట్టం పక్కనే ఆనించి చూస్తే, కొస రంధ్రం దాకా రావాలి. రెండు మూడు అంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉన్నట్టే. ఖాళీ అని తేలాక, బిగుతుగా ఉండే నూలుగుడ్డను కడ్డీకి చుట్టి లోపల తిప్పాలి. గుడ్డ ఎక్కడైనా చిరిగితే గొట్టాన్ని తుప్పు తినేసింది. పేల్చిన రోజే వేణ్ణీళ్లతో కడగని యజమాని చేతిలో పడ్డ తుపాకి అది. ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దనండి.

మందు దగ్గర మాత్రం రాజీ కుదరదు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రాతి రవ్వకు అవి సరిగా అందుకోవు. అసలైన బ్లాక్ పౌడరే కొనాలి. గుండు దగ్గర మిగుల్చుకోవచ్చు. మెత్తని సీసం కరిగించి అచ్చులో పోసుకుంటే సరి. .50 క్యాలిబర్ గొట్టానికి .490 గుండు, దాని చుట్టూ 0.015 అంగుళం మందం నూలుగుడ్డ చాలామందికి కుదిరే జోడీ.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ తుపాకి నేర్పే ఓపిక మరే తుపాకీ నేర్పదు. ట్రిగ్గర్ నొక్కాక కంటి ముందే మంట లేస్తుంది. గుండు గొట్టం దాటేదాకా రెప్ప వాల్చకుండా, గురి చెదరకుండా నిలబడాలి. రెండో గుండుకు మళ్లీ మందు కొలిచి పోయాలి, గుడ్డ పరిచి గుండు దట్టించాలి కాబట్టి మొదటిదే తగలాలి. 1933లో పుట్టిన అమెరికా జాతీయ మజిల్‌లోడింగ్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ ఊళ్లో నడిపే పోటీల్లో నెగ్గేవాళ్ల బలం ఈ నిలకడే. అది రావడానికి రాయి బదులు దవడల్లో చెక్కముక్క బిగించి, ఖాళీ తుపాకితో గోడమీది చుక్కకు గురిపెట్టి సాధన చేస్తారు. దానికి పైసా ఖర్చు లేదు.